నంబరు ఒకటే, మనుషులు నలుగురు: మూడు హెల్త్ కంపెనీల లాగిన్‌ను ఒకటి చేసిన కేస్ స్టడీ

ఈ కేసులో మూడు కంపెనీలున్నాయి. ఒకటి ఇంటికి మందులు పంపే యాప్. రెండోది రక్తపరీక్షలు చేసే ల్యాబ్ సంస్థ, దీనికి చిన్న చిన్న ఊళ్లలో కూడా కలెక్షన్ సెంటర్లున్నాయి. మూడోది కొన్ని పట్టణాల్లో క్లినిక్‌లు నడిపే సంస్థ. మూడూ విలీనమై ఒకే యాజమాన్యం కిందికి వచ్చాక, కస్టమర్‌కు ఒకే లాగిన్ ఉండాలన్న పని మా డిజైన్ టీమ్‌కు వచ్చింది. సంస్థల పేర్లు, లోపలి అంకెలు బయటపెట్టే హక్కు నాకు లేదు కాబట్టి అవి ఇక్కడ ఉండవు. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో మాత్రం దాచకుండా రాస్తున్నాను.

రాయడానికి కారణం, ఇలాంటి పని ఇప్పుడు మన డిజైనర్లలో చాలామంది చేతికి వస్తోంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్, కార్పొరేషన్ బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, డిస్నీప్లస్ హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. అదే ఏడాది మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్కటయ్యాయి. ఇలాంటి ప్రతిచోటా బోర్డులు మార్చడం కొన్నాళ్ల పని. పాత యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు, నంబర్లు ఒక దారికి తేవడం మాత్రం చాలాకాలం నడిచే పని.

మొదట అడిగింది ఏమిటి

యాజమాన్యం అడిగింది సూటిగానే ఉంది. మూడు డేటాబేస్‌లలోనూ మొబైల్ నంబరు ఉంది కదా, నంబరు కలిసిన చోట అకౌంట్లు కలిపేయండి, పైన ఒక కొత్త లాగిన్ పేజీ పెట్టండి. ఇంజినీరింగ్ వైపు కూడా ఇది తేలిక. ఒక స్క్రిప్ట్ రాసి రాత్రి నడిపితే పొద్దున్నకల్లా అయిపోతుంది.

మందులు మాత్రమే అమ్మే కంపెనీ అయితే నేనూ సరేననేదాన్ని. ఇక్కడ ల్యాబ్ రిపోర్టులున్నాయి. మన ఇళ్లలో మొబైల్ నంబరు చాలాసార్లు గుమ్మం మీద రాసిన ఇంటి నంబరు లాంటిది. ఆ ఇంట్లో ఎవరికి ఏది వచ్చినా అక్కడికే వస్తుంది. దాన్ని మనిషి గుర్తుగా తీసుకుని అకౌంట్లు కలిపితే, కోడలి గర్భ పరీక్ష రిపోర్టు మామగారి ఫోన్లో, ఆయన తలనొప్పి మాత్రల ఆర్డర్ పక్కన కనిపిస్తుంది. ఈ ఒక్క వాక్యంతోనే మొదటి మీటింగ్‌లో స్క్రిప్ట్ ఆలోచన ఆగింది. కానీ దాని బదులు ఏం చేయాలో అప్పటికి మా దగ్గరా లేదు.

మూడు చోట్ల మనిషిని గుర్తుపట్టే పద్ధతులు

మందుల యాప్‌లో నంబరు, ఓటీపీ అంతే. పాస్‌వర్డ్ లేదు. అకౌంట్ ఒకటే, దాని కింద అమ్మ ఇంటి అడ్రస్, అత్తగారింటి అడ్రస్, ఆఫీసు. ఎవరి మందులైనా ఆర్డర్ పెట్టేది ఒకరే.

ల్యాబ్‌లో రెండు దారులున్నాయి. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునేవాళ్లకు ఈమెయిల్, పాస్‌వర్డ్. నేరుగా సెంటర్‌కు వచ్చేవాళ్లకు కౌంటర్లో కూర్చున్న అబ్బాయి పేరు, వయసు, ఫోన్ నంబరు టైప్ చేస్తాడు. ఆ నంబరు ఎవరిదన్నది ఎవరూ అడగరు. డబ్బు కట్టినవాళ్లది కావచ్చు, తోడు వచ్చిన పక్కింటాయనది కావచ్చు. పల్లెల నుంచి వచ్చే శాంపిల్స్‌లో చాలావాటికి ఆ ఊరి ఆర్‌ఎంపీ నంబరే ఉంటుంది. డేటా తిరగేస్తుంటే ఒకే నంబరు కింద ఊరు ఊరంతా కనిపించిన సందర్భాలున్నాయి.

క్లినిక్‌లది మూడో పద్ధతి. ప్రతి పేషెంట్‌కూ ఓపీ కార్డు మీద ఒక నంబరు ఉంటుంది. మూడింటిలో మనిషిని మనిషిగా చూసింది ఇదొక్కటే. కాకపోతే కార్డు పోతే కొత్త నంబరుతో కొత్త కార్డు రాసిస్తారు కాబట్టి, ఒకే మనిషికి రెండు మూడు రికార్డులుంటాయి.

పేరు, పుట్టినతేదీ కలిపి చూసి గుర్తుపట్టవచ్చు కదా అని ఒక సూచన వచ్చింది. తెలుగు పేర్ల దగ్గర ఇది నిలబడదు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, ఒకచోట ఒక్క అక్షరం. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిష్‌లో ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కె, ఎస్, హెచ్‌తో రాసేవాళ్లున్నారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు సరేసరి. ఇక పుట్టినతేదీ సంగతి. పెద్దవయసువాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది, సంవత్సరం మాత్రమే చెప్పగలిగారు కాబట్టి. ఒకే ఊళ్లో, ఒకే పేరుతో, ఒకే జనవరి 1న పుట్టిన ఇద్దరు సుబ్బారావులు దొరకడం వింతేమీ కాదు. కౌంటర్ రికార్డులో అయితే పుట్టినతేదీ కూడా ఉండదు, వయసు మాత్రమే ఉంటుంది. అదీ ఆ పూట చెప్పిన వయసు.

నంబరు గురించే ఇంకో సంగతి. మనం వదిలేసిన మొబైల్ నంబరును టెలికాం కంపెనీలు కనీసం 90 రోజులు ఆగి మరొకరికి ఇస్తాయి. అంటే ల్యాబ్ డేటాలో నాలుగేళ్ల కిందటి నంబరు ఈరోజు ఎవరి జేబులో ఉందో చెప్పలేం. ఓటీపీ వచ్చిందంటే ఆ సిమ్ ఆ క్షణాన ఆ మనిషి దగ్గర ఉందని మాత్రమే రుజువు. నాలుగేళ్ల కిందట రక్తం ఇచ్చింది కూడా అతనేనని కాదు.

కలెక్షన్ సెంటర్లలో చూసింది

కోస్తాలోని ఒక పట్టణంలో కలెక్షన్ సెంటర్ కౌంటర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాం. పొద్దున పదకొండవుతోంది. అరవై దాటిన ఒకావిడ షుగర్ పరీక్ష రిపోర్టు కోసం వచ్చారు.

"అమ్మా, ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి" అన్నాడు కౌంటర్ అబ్బాయి.

"నా ఫోన్‌కి రాదు నాయనా. మా అబ్బాయి నంబరు ఇచ్చాం. వాడు డల్లాస్‌లో ఉంటాడు."

"ఒకసారి ఫోన్ చేసి అడగండమ్మా."

"ఇప్పుడక్కడ అర్ధరాత్రి దాటింది. వాణ్ని ఇంత చిన్నదానికి లేపుతానా? పొద్దున వాడు లేచాక వాడే చూసి చెప్తాడులే."

ఆ అబ్బాయి మంచివాడు. ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు. నిబంధన ప్రకారం అతను ఓటీపీ లేకుండా ఇవ్వకూడదు. ఆవిడ చేతి సంచిలో ఆవిడకంటూ ఒక కీప్యాడ్ ఫోన్ ఉంది. ఆ నంబరు ఆవిణ్ని ఎవరూ అడగలేదు, ఫారంలో నంబరు గడి ఒక్కటే ఉంది కాబట్టి.

ఇంకో సెంటర్లో ఒకమ్మాయి శాంపిల్ ఇచ్చేసి, వెళ్లబోతూ వెనక్కి వచ్చి గొంతు తగ్గించి అడిగింది: "అన్నా, మెసేజ్ ఏ నంబరుకు వస్తుంది?" కౌంటర్లో చూసి చెప్పారు. అది వాళ్ల మామగారి నంబరు, అంతకుముందెప్పుడో ఇచ్చింది. "మార్చొచ్చా?" అంది. మార్చడానికి పాత నంబరుకు ఓటీపీ వెళ్తుంది. ఆ మాట వినగానే "వద్దులెండి" అని వెళ్లిపోయింది.

తర్వాత మేం గీసిన ప్రతి స్క్రీన్‌ను ఈ ఇద్దరి ముందు పెట్టి చూశాం. ఆ పెద్దావిడకు ఎవరి నిద్రా చెడగొట్టకుండా తన రిపోర్టు తనకు అందాలి. ఈ అమ్మాయికి తన రిపోర్టు తనకొక్కదానికే అందాలి. ఒకరికి ఇంట్లోవాళ్లు కావాలి, ఇంకొకరికి ఇంట్లోవాళ్లకు తెలియకూడదు. రెండూ న్యాయమే.

లాగిన్ వేరు, పేషెంట్ వేరు, అనుమతి వేరు

మొత్తం డిజైన్ ఈ విభజన మీద నిలబడింది. లాగిన్ అంటే లోపలికి వచ్చే మనిషి: నంబరో ఈమెయిలో, దానికి రుజువు. పేషెంట్ అంటే ఎవరి ఒంటికి సంబంధించిన రికార్డో ఆ మనిషి. అనుమతి అంటే ఏ లాగిన్ ఏ పేషెంట్‌ను ఎంతవరకు చూడవచ్చన్నది. పాత మూడు సిస్టమ్‌లలో ఈ మూడూ ఒకే వరుసలో ఇరుక్కుని ఉన్నాయి. విడదీశాక చాలా ప్రశ్నలకు జవాబులు వాటంతటవే వచ్చాయి.

మందుల ఆర్డర్లు, అడ్రస్‌లు పాత నంబరుతోనే ఉంటాయి, అవి ఆ ఇంటివి. క్లినిక్, ల్యాబ్ రికార్డులు మాత్రం ఎవరూ అడగకుండా ఏ లాగిన్‌కూ అతుక్కోవు. కావాలనుకున్నవాళ్లు కావాలనుకున్నప్పుడు జోడించుకుంటారు. జోడించాలంటే రికార్డులో ఉన్న నంబరుకు వచ్చిన ఓటీపీ ఒక్కటే చాలదు, బిల్లు మీది శాంపిల్ నంబరో ఓపీ కార్డు నంబరో కూడా చెప్పాలి. అవేవీ లేకపోతే గుర్తింపు కార్డుతో కౌంటర్‌కు వస్తే చాలు. 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వ డిజిటల్ హెల్త్ ఐడీ) ఉన్నవాళ్లు దానితోనూ రుజువు చేసుకోవచ్చు. అది స్వచ్ఛందం కాబట్టి తప్పనిసరి చేసే ఆలోచనే పెట్టుకోలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గర చాలాసేపు ఆగాం. లాగిన్ అయిన వెంటనే "ఈ నంబరు మీద ల్యాబ్‌లో 3 రిపోర్టులున్నాయి, జోడించుకుంటారా?" అని చూపిస్తే బాగుంటుందని మార్కెటింగ్ వాళ్లు కోరారు. పేర్లు చూపించం, పరీక్షలు చూపించం, లెక్క మాత్రమే కదా అన్నారు. ఆ లెక్కే చాలు. ఇంట్లో తనకు తెలిసినవి రెండే అయితే మూడోది ఎవరిదన్న ప్రశ్న ఆ సాయంత్రమే లేస్తుంది. అందుకని జోడించుకోమనే వాక్యం రిపోర్టులున్నా లేకున్నా అందరికీ ఒకేలా కనిపిస్తుంది: "మీ పాత ల్యాబ్ రిపోర్టులు, క్లినిక్ వివరాలు కూడా ఇక్కడే చూసుకోవచ్చు. జోడించండి." లాగిన్ పేజీలోనూ ఇదే పద్ధతి. ఏ నంబరు కొట్టినా "ఈ నంబరుకు ఓటీపీ పంపాం" అనే వస్తుంది. అకౌంట్ ఉందో లేదో బయటివాళ్లకు తెలియనివ్వదు.

ఆ అమ్మాయి కోసం చేసింది వేరుపడే దారి. పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరైనా గుర్తింపు కార్డుతో ఏ సెంటర్‌కైనా వచ్చి తన ప్రొఫైల్‌ను తన సొంత నంబరు కిందికి తెచ్చుకోవచ్చు. పాత నంబరుకు ఓటీపీ అవసరం లేదు. సెక్యూరిటీ టీమ్ దీన్ని ఒప్పుకోలేదు. అకౌంట్‌లో ఏ మార్పు జరిగినా పాత నంబరుకు మెసేజ్ పంపడం వాళ్ల మామూలు నియమం, మోసగాళ్లు అకౌంట్ కొట్టేయకుండా ఉండడానికి. ఆ భయం నిజమైనదే. చాలా చర్చ తర్వాత తేల్చింది ఇది: ఇంట్లో కూర్చుని ఫోన్లో చేసే ప్రతి మార్పుకూ పాత నంబరుకు మెసేజ్ వెళ్తుంది. మనిషి స్వయంగా వచ్చి, కార్డు చూపించి, ఇద్దరు ఉద్యోగులు ధ్రువీకరించిన మార్పుకు మాత్రం వెళ్లదు. దాని రికార్డు ఆడిట్‌లో ఉంటుంది. పాత రిపోర్టుల విషయం ఆ మనిషికే వదిలాం. అవి పాత లాగిన్లో ఉన్నచోటే ఉండనివ్వాలా, తీసేయాలా అని అడుగుతాం. ఉన్నట్టుండి మాయమైతే ఇంట్లో ప్రశ్నలు వస్తాయనుకునేవాళ్లు ఉండనివ్వమంటారు. కొత్తవి మాత్రం కొత్త నంబరుకే వస్తాయి.

డల్లాస్ అబ్బాయి అమ్మగారికి ఇచ్చింది దీనికి ఎదురు దారి. ఆవిడ ప్రొఫైల్ ఆవిడ కీప్యాడ్ ఫోన్ నంబరు మీదే ఉంటుంది. ఓటీపీ ఫోన్ కాల్‌లో తెలుగులో రెండుసార్లు చదివి వినిపిస్తారు. కొడుక్కి తన ఈమెయిల్‌తో వేరే లాగిన్ ఉంటుంది, ఆవిడ కౌంటర్లో "మా అబ్బాయి కూడా చూడొచ్చు" అంటే చాలు, అనుమతి వెళ్తుంది. ఆవిడ ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు తీసేయవచ్చు.

పిల్లల ప్రొఫైల్స్ తల్లిదండ్రుల కింద ఉంటాయి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మరి పద్దెనిమిదో పుట్టినరోజు నాడు? ఆ రోజు నుంచి కొత్త రిపోర్టులు తల్లిదండ్రులకు వాటంతటవే వెళ్లవు, ఆ అబ్బాయో అమ్మాయో అనుమతి ఇవ్వాలి. దీనిమీద తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు వస్తాయని ముందే తెలుసు, వచ్చాయి కూడా. మార్చలేదు.

ఎవరికీ చెప్పకండి అని మనమే రాసి, మనమే అడిగితే

ఓటీపీ మెసేజ్‌లో ఎవరికీ చెప్పకండి అని రాస్తాం. కౌంటర్లో మన మనిషే "ఓటీపీ చెప్పండి" అంటాడు. మన సంస్థే జనానికి ఓటీపీ చెప్పేయడం అలవాటు చేస్తోందన్నమాట. రేపు సైబర్ నేరగాడు ఫోన్ చేసి ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నానంటే ఆ అలవాటే వాడికి దారి. మొత్తం ప్రాజెక్టులో నేను గట్టిగా పట్టుబట్టిన మార్పు ఇదే. ఇప్పుడు కౌంటర్‌కు వేరే కోడ్ ఉంటుంది. మెసేజ్‌లో దాని పేరే కౌంటర్ కోడ్. అది నాలుగు అంకెలు, ఆ సెంటర్లో ఆ రోజు రిపోర్టు తీసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది, దానితో ఎవరూ లాగిన్ కాలేరు. బిల్లు కాగితం మీద కూడా అచ్చవుతుంది కాబట్టి ఫోన్ లేనివాళ్లకూ ఇబ్బంది లేదు. ఓటీపీ అయితే ఉద్యోగులెవరూ ఎప్పుడూ అడగరు. సిబ్బంది శిక్షణలో మొదటి పాఠం అదే.

మెసేజ్ రాయడం కూడా చిన్న పనేం కాదు. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతం గుర్తు, పొల్లు, ఒత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 70 దాటితే మెసేజ్ 67 చొప్పున ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ డబ్బు కట్టాలి. మేం రాసింది: "482915 మీ ఓటీపీ. ఎవరికీ చెప్పకండి." ఇది 34. మిగిలిన చోటులో సంస్థ పేరు. అంకెలు ముందు పెట్టడానికి కారణం, నోటిఫికేషన్‌లో మొదటి నాలుగు మాటలే కనిపిస్తాయి, చిన్న కీప్యాడ్ ఫోన్ల తెరమీదా అంతే.

పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం మెసేజ్ పంపే సంస్థ, హెడర్ (మెసేజ్ పైన కనిపించే పంపినవారి పేరు), మెసేజ్ టెంప్లేట్ అన్నీ ముందే డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వేదికలో, రిజిస్టరై ఉండాలి. టెంప్లేట్‌కూ పంపినదానికీ తేడా వస్తే మెసేజ్ వెళ్లదు. విలీనంలో సంస్థే మారిపోయింది కాబట్టి హెడర్లు, టెంప్లేట్లు మళ్లీ రిజిస్టర్ చేయాలి. ఈ పని డిజైన్ ప్లాన్‌లో ఎవరూ రాసుకోరు. రాసుకోకపోతే కొత్త లాగిన్ తెరిచిన రోజున ఓటీపీలు రావు. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ముందుగా డీఎల్‌టీ అప్లికేషన్ పెట్టి, తర్వాత స్క్రీన్లు గీయడం మంచిది.

కొత్త పేరు, కొత్త అడ్రస్ చూసి ఆగిపోయేవాళ్లు

పాత యాప్ తెరవగానే కొత్త పేరుతో, కొత్త వెబ్ అడ్రస్‌తో ఒక పేజీ వచ్చి నంబరు, ఓటీపీ అడిగితే జాగ్రత్తగల మనిషి ఏం చేయాలి? ఆగిపోవాలి. పోలీసులు, బ్యాంకులు, సైబర్ నేరాల 1930 హెల్ప్‌లైన్ ప్రకటనలు ఇన్నేళ్లుగా చెప్తున్నదదే. మా టెస్టింగ్‌లో ఆగిపోయినవాళ్లను చూసి నాకు గౌరవం కలిగింది. వాళ్లను ఎలాగోలా ముందుకు నెట్టే డిజైన్ చేయకూడదనుకున్నాం.

అందుకని పాత లాగిన్ పేజీలు పాత అడ్రస్‌లోనే, పాత రంగుల్లోనే చాలాకాలం నడిచాయి. పాత పద్ధతిలో లోపలికి వచ్చాకే, తెలిసిన చోటే, "మనం ఇప్పుడు ఒక సంస్థ అయ్యాం" అని చెప్పాం. బిల్లుల వెనక, మందుల పెట్టెలో వేసే కాగితం మీద, సెంటర్ గోడమీద అదే మాట అచ్చులో ఉంది. లింక్ ఉన్న మెసేజ్ ఒక్కటి కూడా పంపలేదు. పంపిన ప్రతి మెసేజ్‌లోనూ "మీ ఫోన్లో ఉన్న యాప్ తెరవండి" అనే ఉంది. ఫలానా తేదీలోగా మార్చుకోకపోతే అకౌంట్ ఆగిపోతుందని ఎక్కడా బెదిరించలేదు. అది మోసగాళ్ల భాష, జబ్బుతో ఉన్నవాళ్లతో మాట్లాడే భాష కాదు.

ల్యాబ్ పాత పద్ధతిలో మరో ప్రమాదం బయటపడింది. రిపోర్టు లింక్‌లో బిల్లు నంబరు వరుసగా కనిపించేది. ఒక అంకె మారిస్తే పక్కవాళ్ల రిపోర్టు వచ్చేది. కొత్త లాగిన్ కోసం ఆగకుండా దాన్ని అన్నిటికంటే ముందు మూయించాం. ఊహించలేని పొడవాటి కోడ్, గడువు, తెరవబోతే పుట్టిన సంవత్సరం లేదా బిల్లుమీది కోడ్. కానీ జనం ఆ లింక్‌నే వాట్సాప్‌లో డాక్టర్‌కు పంపేవాళ్లు. ఆ అలవాటులో తప్పేం లేదు, డాక్టర్ చూడాలి కదా. అందుకే రిపోర్టు పక్కనే "డాక్టర్‌కు పంపండి" అనే బటన్ పెట్టాం, ఆ లింక్ రెండు రోజులే పనిచేస్తుంది.

లోపలి సాంకేతిక పని

టెక్నాలజీ వైపు దారి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఒకే లాగిన్‌తో వేర్వేరు యాప్‌లలోకి వెళ్లనిచ్చే ఓపెన్ఐడీ కనెక్ట్ ప్రమాణం మీద ఒకే లాగిన్ సర్వర్. మూడు యాప్‌లూ అక్కడికి పంపి, అక్కడి నుంచి తిరిగి తీసుకుంటాయి. కనిపించని ఐఫ్రేమ్‌తో (పేజీ లోపల దాచిన ఇంకో పేజీ) ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కు లాగిన్ పాకించే పాత ఉపాయం సఫారీలో 2020 నుంచే చెల్లదు, థర్డ్ పార్టీ కుకీలను (ఒక సైట్‌లో ఉండగా వేరే సైట్ బ్రౌజర్‌లో పెట్టే గుర్తులను) పూర్తిగా ఆపేశారు. పేజీ మొత్తం లాగిన్ డొమైన్‌కు వెళ్లి రావాల్సిందే. మొబైల్ యాప్‌లో కూడా యాప్ లోపలే పేజీని చూపించే వెబ్‌వ్యూ వాడలేదు, ఫోన్ సొంత బ్రౌజర్ ట్యాబ్‌లోనే తెరిచాం. పైన అడ్రస్ కనిపిస్తుంది, మూడు యాప్‌లకూ ఒకే సెషన్ పనికొస్తుంది.

ల్యాబ్ పాస్‌వర్డ్‌లు పాత ఎమ్‌డీ5 హ్యాష్‌లో (ఇప్పుడు సులువుగా ఛేదించగల గుప్త రూపం), సాల్ట్ (ప్రతి పాస్‌వర్డ్‌కూ విడిగా కలిపే అడ్డదిడ్డపు అక్షరాలు) లేకుండా ఉన్నాయి. అందరినీ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంటే సగంమంది అక్కడే వదిలేస్తారు. ఉన్న హ్యాష్‌లన్నిటి మీదా ఛేదించడం కష్టమైన బీక్రిప్ట్ పొర ఒకటి వేసి భద్రం చేశాం. మనిషి మామూలుగా లాగిన్ అయినప్పుడు అసలు పాస్‌వర్డ్‌ను నేరుగా బీక్రిప్ట్‌లోకి మార్చాం. వాడేవాళ్లకు ఏమీ తెలియలేదు. ఏళ్లుగా లాగిన్ కాని అకౌంట్ల పాస్‌వర్డ్‌లు తీసేశాం, వాళ్లు తిరిగి వస్తే ఈమెయిల్‌కు కోడ్ వెళ్తుంది.

డొమైన్ (వెబ్ అడ్రస్) మారడం వల్ల తగిలే దెబ్బలు ఇంకా ఉన్నాయి. ఫోన్లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్ కొత్త అడ్రస్‌లో కనిపించదు, ఎందుకంటే పాస్‌వర్డ్ మేనేజర్ డొమైన్‌ను బట్టే చూపిస్తుంది. పాత, కొత్త డొమైన్లు ఒకరివేనని చెప్పే ఫైల్ రెండుచోట్లా పెట్టాలి. చిన్న పనే, కానీ మర్చిపోతే పాస్‌వర్డ్ పోయిందన్న కాల్స్‌తో కస్టమర్ కేర్ నిండిపోతుంది.

లాగౌట్ గురించి చాలామంది ఆలోచించరు. ఒక యాప్‌లో బయటికి వచ్చేస్తే ఆ ఫోన్లో మూడింటి నుంచీ బయటికి వచ్చినట్టే. ఇంట్లో ఫోన్ చేతులు మారుతుంటుంది కాబట్టి ఇదే సరైనది. లాగిన్ అయి ఉన్నా సరే, రిపోర్టు తెరవాలంటే ఫోన్ పిన్నో వేలిముద్రో మళ్లీ అడుగుతుంది.

సమ్మతి పేజీని లాగిన్‌తో ముడిపెట్టలేదు. మందుల ఆర్డర్ వివరాలు క్లినిక్ డాక్టర్ చూడవచ్చా అన్నది ఒక ప్రశ్న, ల్యాబ్ ఫలితాలను బట్టి ఆఫర్లు పంపవచ్చా అన్నది ఇంకో ప్రశ్న. రెండూ విడివిడిగా అడుగుతాం, రెండిటికీ కాదన్నా లాగిన్ పనిచేస్తుంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో నోటీసు చదువుకునే వీలు ఉండాలని అదే 2023 చట్టం చెప్తుంది కాబట్టి తెలుగు పాఠం తప్పనిసరి. మేం ముందు తెలుగులో రాసి, లాయర్ చేత చూపించి, తర్వాత ఇంగ్లిష్ చేశాం. అలా రాయడం వల్ల వాక్యాలు చిన్నవయ్యాయి, లాయర్ కూడా అభ్యంతరం చెప్పలేదు.

ఏది గెలుపుగా లెక్కపెట్టాలి

ఒక జిల్లా తర్వాత ఒక జిల్లాగా తెరిచాం, ముందు క్లినిక్‌లు, తర్వాత మందుల యాప్, చివరికి ల్యాబ్. ప్రతి అడుగులోనూ ముందు సిబ్బంది వాడారు, ఆ తర్వాతే జనం.

యాజమాన్యం చూడాలనుకున్న అంకె, ఎంత శాతం అకౌంట్లు కలిశాయన్నది. దాన్ని లక్ష్యంగా పెట్టొద్దని రాతపూర్వకంగా అడిగాను. ఆ అంకె పెంచడం చాలా సులువు, మొదటి రోజు అనుకున్న స్క్రిప్ట్ నడిపితే చాలు. దాని బదులు మూడు చూస్తున్నాం: ఎవరి సాయమూ లేకుండా తన రిపోర్టు తాను తెరవగలిగినవాళ్లు ఎంతమంది, ఒకరి రికార్డు మరొకరికి కనిపించిన సంఘటన ఏదైనా ఉందా, వేరుపడాలనుకున్నవాళ్లకు ఎంతసేపట్లో పని అయింది. కలిసిన అకౌంట్ల శాతం నెమ్మదిగా పెరుగుతోంది. పాస్‌వర్డ్ మర్చిపోయామన్న కాల్స్ బాగా తగ్గాయి. వాటి స్థానంలో అమ్మను ఎలా జోడించాలి, నాన్న రిపోర్టు నాకు కూడా ఎలా వస్తుంది అన్న కాల్స్ పెరిగాయి. వాటికి ఎక్కువ సమయం పడుతుందని కాల్ సెంటర్ మేనేజర్‌కు టెన్షన్. నా దృష్టిలో అవి మనుషులు పనిని సరిగ్గా అర్థం చేసుకుని అడుగుతున్న ప్రశ్నలు. వాటికి మనిషిని పెట్టడమే సరైన ఖర్చు.

కౌంటర్ ఫారంలో ఇప్పుడు రెండు గడులున్నాయి: బిల్లు ఎవరి నంబరు మీద, రిపోర్టు ఎవరికి పంపాలి. రెండోది పేషెంట్‌నే అడగాలి, పక్కన ఎవరైనా ఉంటే ఫారం పేషెంట్ చేతికే ఇచ్చి రాయించాలి.

మిగిలిపోయింది ఆర్‌ఎంపీల నంబర్లు. ఆ నంబర్ల కింద ఉన్న పేషెంట్లలో చాలామందికి స్మార్ట్‌ఫోన్ లేదు, కొందరికి ఏ ఫోనూ లేదు, వాళ్లకు రిపోర్టు చదివి చెప్పేది ఆ ఆర్‌ఎంపీనే. ఆయన నంబరును తీసేస్తే వాళ్లకు రిపోర్టే అందదు, ఉంచితే ఊరి రికార్డంతా ఒక ఫోన్లో ఉంటుంది. ప్రస్తుతానికి ఆ నంబర్లను విడిగా గుర్తించి, పాత రిపోర్టులు మూసేసి, కొత్తవాటికి పేషెంట్ వేలిముద్రో సంతకమో ఉన్న కాగితం మీదే అనుమతి తీసుకుంటున్నాం. ఆ అనుమతి ఆ ఒక్క పరీక్షకే వర్తిస్తుంది. సెంటర్లలో దీనికి అదనంగా సమయం పడుతోంది, శాంపిల్స్ తెచ్చే కుర్రాళ్లు విసుక్కుంటున్నారు. ఇంకా మంచి పద్ధతి కోసం రెండు మండలాల్లో ఆశా కార్యకర్తలతో మాట్లాడుతున్నాం.